విషూచి రహస్యము

ఒక వ్యాధికి ఫలానా సూక్ష్మజీవి కారణమని తెలిసినంత మాత్రమున ఆ వ్యాధిని గూర్చి అంతయు తెలిసినట్లేనా? కలరాకు కారణము విబ్రియో అను బాక్టీరియా; దానిని వేరుచేసి చూపినవాడు రాబర్ట్ కాక్. ఈ రెండు మాటలు వ్రాసి విద్యార్థి తరువాతి ప్రశ్నకు పోవును. పరీక్షకు అవి చాలును. రోగి ప్రాణము నిలుపుటకు మాత్రము అవి చాలలేదు. కాక్ కలకత్తాలో ఆ జీవిని వేరుచేసినది 1884లో. అది మనుష్యుని ఏ ఉపాయముతో చంపుచున్నదో ప్రయోగపూర్వకముగా తేలినది 1959లో. నడుమ గడచినవి 75 సంవత్సరములు. శత్రువు పేరును రూపమును తెలిసియు, వాని ఆయుధమేదో తెలియక వైద్యలోకము తడుముకొన్న కాలమది. ఆ ఆయుధమును పట్టి చూపినవాడు అదే కలకత్తా నగరమున ఒక వైద్య కళాశాలలో పనిచేయుచుండిన భారతీయుడు. కాక్ పేరు ఎరిగినంతగా ఆయన పేరును మనము ఎరుగము.

వ్యాధి తీరు

కలరా మన దేశమునకు క్రొత్త కాదు. ఆయుర్వేద గ్రంథములలోని విషూచిక అను పేరును తరువాతి వారు దీనికి వాడిరి. తెలంగాణ పల్లెలలో దీనిని గత్తర అనిరి. పేరేదైనను తీరు ఒక్కటే. ఉదయము పొలమునకు పోయిన మనుష్యునికి ఉన్నట్లుండి విరేచనములు పట్టుకొనును. వెంట వాంతులు తోడగును. కొంతసేపటికి విరేచనమున మలము రంగు పోయి బియ్యము కడిగిన నీటివలె తెల్లగా వెళ్లును. వ్యాధి తీవ్రమైనచో గంటకొక లీటరు వరకు నీరు పోవచ్చును. కన్నులు గుంటలు పడును. గొంతు పీలపోవును. చేతి మీది చర్మమును చిటికెతో పట్టి వదలినచో ఆ మడత అట్లే నిలిచియుండును. నాడి చేతికందదు. తగిన చికిత్స లేనిచో తీవ్రరోగులలో సగము మంది మరణింతురు. కొందరికి ఒక్క దినము గడువైనను ఉండదు. ఇంత ఘోరమునకు కారణమైన జీవి పొడవు మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు రెండు మూడు రెట్లు మాత్రమే!

1817లో గంగానది డెల్టాలో జెస్సోరు ప్రాంతమున చెలరేగిన కలరా దేశదేశములకు ప్రాకెను. 1831లో ఇంగ్లండు చేరెను. అచ్చట విలియం ఓషానెస్సీ అను 22 ఏండ్ల యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందులో నీరును లవణములును మిక్కిలి తగ్గిపోయినవని గ్రహించెను. పోయినదానిని తిరిగి శరీరమునకు ఈయవలెనని ఆయన సూచన. మరుసటి సంవత్సరము స్కాట్లండులో థామస్ లాటా అను వైద్యుడు ఉప్పు నీటిని రోగుల సిరలలోనికి ఎక్కించెను. చావుబ్రతుకుల నడుమనున్న వారిలో కొందరు లేచి కూర్చుండిరి. కాని ఆ దినములలో శుద్ధమైన ద్రావణములు లేవు. ఎంత ఈయవలెనో లెక్క లేదు. లాటా మరుసటి యేడే మరణించెను. అతని పద్ధతియు మూలబడెను. సత్యము ఒకసారి తొంగిచూచి మరల మరుగుపడినట్లయ్యెను.

ఎక్కడనుండి వచ్చును?

ఆనాటి పండితులలో పెక్కుమంది కలరా చెడుగాలి వలన వచ్చునని నమ్మిరి. లండనులో జాన్ స్నో అను వైద్యుడు మాత్రము అది నీటి ద్వారా వచ్చునని వాదించెను. 1854లో బ్రాడ్ వీధి ప్రాంతమున కలరా విజృంభించినప్పుడు ఆయన చనిపోయినవారి ఇండ్లకు పోయి, వారు ఏ నీరు త్రాగిరో విచారించెను. విచారణ అంతయు ఆ వీధిలోని ఒక చేతి పంపు వద్దకే దారితీసెను. సెప్టెంబరు 8వ తేదీన అధికారులు ఆ పంపు పిడిని ఊడదీయించిరి. అదే 1854లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున ఫిలిప్పో పాచీనీ కలరాతో చనిపోయినవారి ప్రేవులను సూక్ష్మదర్శినిలో చూచి, వంపు తిరిగిన జీవులను కనుగొని, వాటికి విబ్రియోలని పేరు పెట్టెను. ఆయన మాటను లోకము చెవిని బెట్టలేదు.

ముప్పది సంవత్సరముల తరువాత జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ మొదట ఈజిప్టులోను, పిమ్మట కలకత్తాలోను పరిశోధన సాగించి ఆ జీవిని విడిగా పెంచి చూపెను. కలకత్తాలో జనులు స్నానమునకును పానమునకును వాడుకొను ఒక చెరువులోను అది ఆయనకు కనిపించెను. కాని కాక్‌కు ఒక చిక్కు మిగిలిపోయెను. ఏ జంతువునకు ఆ బాక్టీరియాను పెట్టినను మనుష్యునికి వచ్చునట్టి కలరా దానికి రాలేదు. అది ఒక విషమును తయారుచేయుచుండవచ్చునని కాక్ ఊహించెను. ఊహకు ఋజువు దొరకలేదు. ఈ లోపమునే పట్టుకొని మ్యూనిక్ నగరమున మాక్స్ పెట్టెంకోఫర్ అను వృద్ధ ఆచార్యుడు 1892లో కలరా బాక్టీరియా పెంపకపు ద్రవమును తానే త్రాగెను! కొద్దిపాటి విరేచనములతో ఆయన బయటపడెను. బాక్టీరియా ఒక్కటే చాలదని తన వాదము నెగ్గినట్లు ఆయన భావించెను.

ఎట్లు చంపును?

కాక్ శిష్యుడైన రిచర్డ్ ఫైఫర్ కలరా విషము బాక్టీరియా దేహములోనే అంటియుండి, అది చచ్చి చితికినప్పుడు వెలువడునని ప్రతిపాదించెను. గినీ పందుల కడుపు కుహరములోనికి బాక్టీరియాను ఎక్కించగా అవి చచ్చుట చూచి చేసిన నిర్ణయమది. కాని ఆ జంతువులకు వచ్చినది కలరా కాదు. బియ్యము కడిగిన నీటి వంటి విరేచనము వాటికి లేదు. మరికొందరు ఈ వ్యాధిలో ప్రేవుల లోపలి పొర చీలికలై ఊడిపోవునని, అందువలననే నీరు కారిపోవునని తలచిరి. చనిపోయిన తరువాత శరీరమున జరుగు మార్పును వారు వ్యాధి చేసిన మార్పుగా పొరబడిరి. తప్పు చోట వెదకువానికి ఎంత వెదకినను వస్తువు దొరకదు.

పశ్చిమ వంగదేశమున హుగ్లీ జిల్లాలోని గరీబాటి గ్రామమున 1915లో జన్మించిన శంభునాథ్ దే కలకత్తా వైద్య కళాశాలలో చదివి, లండనులో రోగనిదాన శాస్త్రమున పరిశోధన చేసి 1949లో పట్టము పుచ్చుకొని స్వదేశమునకు వచ్చెను. ఆనాటి కలకత్తాలో కలరా ప్రతియేడును వచ్చు అతిథి. దే తనకు తాను వేసికొన్న ప్రశ్న మిక్కిలి సూటియైనది. ఈ జీవి మనుష్యుని ప్రేవులలోనే యుండును, రక్తములోనికి చొరబడదు, వ్యాధి లక్షణమెల్ల ప్రేవులనుండి నీరు పోవుటయే. అట్లయినచో దాని ప్రభావమును రక్తములోను, కడుపు కుహరములోను వెదకుటయేల? ప్రేవులలోనే వెదకవలదా?

ఆ ప్రశ్నకు తగినట్లే ఆయన ప్రయోగమును కూర్చెను. మత్తు ఇచ్చిన కుందేలు కడుపు తెరచి, చిన్న ప్రేవులో జానెడులోపు భాగమును రెండు కొసల దారముతో బిగించి కట్టెను. అట్లేర్పడిన సంచిలోనికి కలరా బాక్టీరియాను సూదితో ఎక్కించి, ప్రేవును యథాస్థానమున ఉంచి కడుపు కుట్టివేసెను. మరునాడు చూడగా ఆ సంచి నీటితో ఉబ్బి యుండెను. ఆ నీరు రోగుల విరేచనము వంటిదే! బాక్టీరియా లేని ద్రవమును ఎక్కించిన సంచి మాత్రము ముడుచుకొనియే యుండెను. ఈ ఫలితమును దే తన సహచరునితో కలిసి 1953లో ప్రకటించెను. ఏడు దశాబ్దములుగా ఏ జంతువునందును సాధ్యపడని వ్యాధి లక్షణము జానెడు ప్రేవులో సాధ్యమయ్యెను.

తరువాతి మెట్టు మరింత ముఖ్యమైనది. ఉబ్బించినది బాక్టీరియాయా, లేక అది వెలికి విడిచిన పదార్థమా? దే బాక్టీరియాను ద్రవములో పెంచి, ఆ ద్రవమును ఒక్క జీవియు మిగులకుండునట్లు వడపోసెను. జీవరహితమైన ఆ ద్రవమును కుందేలు ప్రేవులోని సంచికి ఎక్కించెను. సంచి మరల ఉబ్బెను! విషము బాక్టీరియా దేహములో దాగినది కాదు. అది బ్రతికియుండగనే వెలికి విడుచునది. 1959లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఈ చిన్న వ్యాసము కాక్ ఊహకు ఋజువును, ఫైఫర్ సిద్ధాంతమునకు సమాధానమును ఒక్కసారిగా ఇచ్చెను. అదే సంవత్సరము బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థలో దత్తా అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పసి కుందేళ్లపై వేరొక మార్గమున చేసిన ప్రయోగములు గూడ విషము సంగతినే సూచించినవి.

తలుపు గడియ

తరువాతి పరిశోధకులు ఆ విషమును శుద్ధిచేసి దాని పనితీరును విప్పి చూపిరి. విషపు అణువునకు రెండు భాగములు. అయిదు ముక్కలు గుండ్రముగా కూడిన ఒక భాగము ప్రేవు కణమును గట్టిగా పట్టుకొనును. రెండవ భాగము కణము లోపలికి పోవును. కణమునుండి క్లోరైడు లవణమును బయటికి పంపు ద్వారములు సాధారణముగా అవసరమునుబట్టి తెరచుకొని మూసికొనుచుండును. ఈ విషము తలుపు గడియ తీసి, మరల పడకుండ అడ్డుపుల్ల పెట్టినట్లు చేయును. లవణము ఆగక పోవును. లవణము వెంట నీరు పోవును. ప్రేవు చినుగలేదు, పుండు పడలేదు. 1960లో బాంకాకులో బ్రతికియున్న రోగుల ప్రేవు పొరను చిన్న తునకగా తీసి చూచినప్పుడు అది చెక్కుచెదరక యున్నదని స్పష్టమయ్యెను. ఇల్లు కూలలేదు, తలుపు మాత్రమే తెరచియున్నది.

ఈ భేదము పైకి స్వల్పముగా కనిపించును గాని లక్షల ప్రాణములు దానిపై ఆధారపడియున్నవి. పొర ఊడిపోయిన ప్రేవు నోటితో త్రాగిన నీటిని పీల్చుకొనలేదు. పొర నిలిచియున్న ప్రేవు పీల్చుకొనగలదు. ఎట్లు పీల్చుకొనును? ఒట్టి నీరు పోసిన ప్రయోజనము లేదు. ఉప్పు నీరును చాలదు. ఉప్పులోని సోడియమును, పంచదార జాతిదైన గ్లూకోజును కలిసి వచ్చినప్పుడు ప్రేవు కణము ఆ రెంటిని జంటగా లోనికి తీసికొనును; వాటి వెంట నీరు లోనికి వచ్చును. ఈ జంట ద్వారము సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించెను. కలరా విషము ఈ ద్వారమును మూయలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అను యువవైద్యులు గ్లూకోజు, లవణములు కలిపిన నీటిని రోగులచే కొలత ప్రకారము త్రాగించి, సిరలలోనికి ఎక్కించవలసిన ద్రావణమును చాల తగ్గించవచ్చునని చూపిరి.

ఆస్పత్రిలో నెగ్గిన పద్ధతి ఆరుబయట నెగ్గునా? 1971లో తూర్పు పాకిస్తాను యుద్ధము వలన లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ వంగదేశమునకు వచ్చిరి. బన్‌గావ్ శిబిరములలో కలరా చెలరేగెను. సిరలలోనికి ఎక్కించు ద్రావణము అయిపోవుచుండెను, మంచములు లేవు, రోగులు నేలపై పడియుండిరి. డాక్టరు దిలీప్ మహలనబీస్ సాహసించి, లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లములు కట్టించి, పీపాలలో కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి 30 మంది వరకు చనిపోవుచుండిన చోట, ఈ పద్ధతిచే 3,000కు పైగా రోగులలో మరణములు నూటికి నాలుగు లోపునకు దిగెను. తల్లి చేతిలోని గ్లాసు వైద్యశాలతో సమానమయ్యెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1978లో ఈ పద్ధతిని లోకమంతట వ్యాపింపజేయ పూనుకొనెను.

బాక్టీరియాను చంపు మందులు లేవా? కలవు. లెడెర్లే ప్రయోగశాలలో పరిశోధనాధిపతిగా నుండిన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యమున బెంజమిన్ డగ్గర్ కనుగొని, 1948లో వెల్లడించిన ఆరియోమైసిన్ అను మందు టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిది. ఆ కుటుంబపు మందులు కలరా దినములను తగ్గించును. విరేచనముల రాశిని తగ్గించును. కాని మందు పనిచేయు లోపలనే రోగి నీరు లేక మరణింపవచ్చును. అందుచే ముందు నీరు, ఉప్పు, పిమ్మట మందు. ఈ క్రమము పాటించిన చోట నేడు కలరా మరణములు నూటికి ఒకటి కంటె తక్కువ.

చంపనప్పుడు ఎక్కడ ఉండును?

ఇంకొక ప్రశ్న మిగిలినది. వ్యాధి లేని నెలలలో ఈ జీవి ఎక్కడ దాగును? మనుష్యుని ప్రేవులోనే దాని కాపురమని చిరకాలము తలచిరి. అమెరికాలో రీటా కోల్వెల్ అను శాస్త్రజ్ఞురాలు 1970 దశకములో చెసపీక్ అఖాతపు నీటిలో, కలరా జాడ లేని చోటనే, ఈ బాక్టీరియాను కనుగొనెను. ఉప్పుటేరులు, నదీముఖములు దాని పుట్టినిల్లు. ఆవగింజంతయైనను ఉండని కోపిపాడ్లు అను జలచరములు, రొయ్యలకు దూరపు చుట్టములు, ఆ నీటిలో కోట్లకొలది యుండును. వాటి పెంకుపై విబ్రియోలు గుంపులుగా అంటుకొనును. ఆ పెంకులోని కైటిను అను పదార్థమును కరిగించి ఆహారముగా కొనును. ఉప్పుటేరులలో రాలిన పెంకులు పేరుకొనక మరల నీటి ప్రాణులకు పోషణగా మారుటలో ఇట్టి బాక్టీరియా పాత్ర గొప్పది. నీరు చల్లబడి తిండి తగ్గినప్పుడు అవి ముడుచుకొని నిద్రాణస్థితిలో నుండును. ప్రయోగశాలలో పెంచజూచినను పెరగవు. అదను వచ్చినప్పుడు మేల్కొనును.

ఈ జాతిలో 200కు పైగా తెగలు కలవు. పెద్ద కలరా ఉత్పాతములకు కారణమైనవి రెండే. ఒకటి ఓ1, రెండవది 1992లో మద్రాసులో మొదట గుర్తింపబడి వంగదేశమునకు వ్యాపించిన ఓ139. తక్కిన వానికి ఆ విషమును చేయు శక్తి సాధారణముగా లేదు. ఆ శక్తి ఎక్కడిది? 1996లో మాథ్యూ వాల్డర్, జాన్ మెకలానోస్ అను శాస్త్రజ్ఞులు దాని ఆనుపానులు కనిపెట్టిరి. విషము చేయు జన్యువులు బాక్టీరియా సొంతము కావు. బాక్టీరియాను ఆశ్రయించు ఒక వైరస్ వాటిని మోసికొని వచ్చి దానికి అంటగట్టినది. అనగా కలరా ఆయుధము ఎరువు సొమ్ము!

ఈ జ్ఞానము ప్రయోగశాలలోనే నిలిచిపోలేదు. విబ్రియోలు కోపిపాడ్లను అంటియున్నచో, కోపిపాడ్లను ఆపిన చాలునుగదా? కోల్వెల్ బృందము బంగ్లాదేశములోని మత్లబ్ ప్రాంతమున పాత నూలు చీరను నాలుగు మడతలు, అంతకు మించియు వేసి, చెరువు నీటిని దానితో వడగట్టవలసినదిగా గృహిణులకు నేర్పెను. పలుమార్లు ఉతికిన చీర పోగులు వదులై, వాటి నడుమ సందులు మరింత చిన్నవగును. 65 గ్రామములలో జరిగిన ఈ పరీక్ష ఫలితము 2003లో ప్రకటింపబడెను. వడగట్టిన ఇండ్లలో కలరా దాదాపు సగమునకు, అనగా నూటికి 48 వంతులు, తగ్గెను. నీటిని కాచుట, క్లోరిను కలుపుట ఇంతకంటె శ్రేష్ఠములే. కాని కట్టెలు కొనలేని ఇంట పాత చీర సగము కాపు కాయగలిగెను.

ఇన్నింటికి మూలమైన ప్రశ్న వేసిన శంభునాథ్ దేకు దక్కినదేమి? ఆయన కుందేలు పద్ధతితో 1956లోనే విరేచనములకు కారణమైన వేరొక బాక్టీరియా జాతిని పరీక్షించెను. నేడు ఆ పద్ధతి వైద్యశాస్త్రమున స్థిరపడినది. నోబెల్ బహుమతి గ్రహీతయైన జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఒకటికంటె ఎక్కువ సారులు నోబెల్ బహుమతికి ప్రతిపాదించెను. 1978లో నోబెల్ సంస్థ కలరాపై నడపిన సదస్సునకు ఆయనకు ఆహ్వానము వచ్చెను. కాని స్వదేశమున విజ్ఞాన పరిషత్తులు ఆయన బ్రతికియుండగా ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొనలేదు. 1973లో ఉద్యోగ విరమణ చేసి, 1985లో ఆయన కాలధర్మము చెందెను.

కలరా లోకమునుండి తొలగలేదు. 1961లో ఇండొనేషియాలో మొదలైన ఏడవ విశ్వవ్యాప్త ఉత్పాతము నేటికిని సాగుచున్నది. 2010లో భూకంపముచే నలిగిన హైతీ దేశమున అది ప్రవేశించి 8 లక్షల మందికి పైగా పట్టుకొని దాదాపు 10,000 మందిని బలిగొనెను. ఉప్పుటేరులు ఉన్నంతవరకు విబ్రియో ఉండును; దానిని నిర్మూలించుట ఎవరి తరము కాదు. మంచినీటిలో మురుగు కలియకుండ కాచుట, వ్యాధి సోకినవానికి వెంటనే ఉప్పు, పంచదార కలిపిన నీరు కొలతతో త్రాగించుట మన చేతిలోని పనులు. లీటరు శుద్ధజలమునకు మట్టముగా ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు: ఈ కొలత ప్రతి పాఠశాలలో ప్రతి బాలునికి కంఠస్థము కావలెను. దానితోపాటు ఇంకొకటి నేర్పదగును. కాక్ ‘ఎవరు?’ అని అడిగెను, దే ‘ఎట్లు?’ అని అడిగెను. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు శత్రువును చూపెను. రెండవ ప్రశ్నకు వచ్చిన జవాబు తల్లుల చేతికి గ్లాసెడు నీటి రూపమున అందెను.